గ్రంథాలయపు పద్దు – పాఠకుని గోప్యత

గ్రంథాలయమునుండి పుస్తకమును ఇంటికి తీసికొనిపోవునప్పుడు ఒక పద్దు వ్రాయబడును. పుస్తకము పేరు, దాని సంఖ్య, తీసికొనినవారి పేరు, ఇచ్చిన తేది, తిరిగి ఈయవలసిన గడువు – ఇవి ఆ పద్దులోని అంశములు. ఇది అందరెరిగినదే. కాని ఆ పద్దు ఎందులకు వ్రాయబడుచున్నది, దానిని ఎవరు చూడవచ్చును, ఎంతకాలము ఉంచవచ్చును అను ప్రశ్నలను మనము సాధారణముగా వేసికొనము. ఈ వ్యాసమున ఆ మూడు ప్రశ్నలను విచారింతము. విద్యార్థులకే కాక వారి తల్లిదండ్రులకును ఈ విషయము తెలిసియుండుట అవసరము.

ముందుగా ఒక సూత్రమును చెప్పుకొందము. అరువు పద్దు పుస్తకమును కాపాడుటకు పుట్టినది. పాఠకుని కనిపెట్టియుండుటకు పుట్టినది కాదు. పుస్తకము క్షేమముగా తిరిగి వచ్చిన దినముననే ఆ పద్దు పని తీరినది. పని తీరిన పద్దును దాచియుంచుటగాని, పరులకు చూపుటగాని పాఠకునకు కీడు కలిగింపవచ్చును. తక్కిన వ్యాసమంతయు ఈ సూత్రమునకు వివరణమే.

1. పద్దు ఏమి తెలుపును?

ఒక్క పద్దువలన తెలియునది స్వల్పము. ధర్మపురి ప్రాంతపు రైతు ఒకడు మామిడి అంట్లు కట్టు విధానమును తెలుపు పుస్తకమును తీసికొనిపోయినచో, అతనికి తోట కలదని ఊహింపవచ్చును. అందు దాచవలసినదేమియు లేదు. కాని అన్ని పుస్తకములును అట్టివి కావు. ఒక గృహిణి వరకట్న నిషేధ చట్టమును గూర్చిన పుస్తకమును తీసికొనినది. ఒక యువకుడు క్షయవ్యాధిని గూర్చి చదువుచున్నాడు. ఒక చిరుద్యోగి మద్యపానమును మాన్పించు మార్గములను వెదకుచున్నాడు. పదవ తరగతి బాలిక ఒకతె 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టమును వివరించు చిన్న పుస్తకమును అడిగినది. వీరిలో ఎవరును తప్పు చేయలేదు. తమకు వచ్చిన కష్టమునకు పుస్తకములో దారి వెదకుకొనుచున్నారు. నోరు విప్పి ఎవరినీ అడుగలేని ప్రశ్నను మనుష్యుడు పుస్తకమును అడుగును. పుస్తకము ఎదురు ప్రశ్న వేయదు, ఎగతాళి చేయదు, ఊరిలో చాటదు. ఆ నమ్మకముతోనే అతడు గ్రంథాలయపు గడప త్రొక్కుచున్నాడు.

పై బాలిక విషయమునే తీసికొందము. చట్టము ప్రకారము బాలికకు 18 ఏండ్లును, బాలునకు 21 ఏండ్లును నిండనిదే వివాహము చేయరాదు. ఈ సంగతిని ఆమె తెలిసికొనగోరుచున్నదని సాయంకాలమునకే బంధువులకు తెలిసిపోయినచో, మరునాడు ఆమె గ్రంథాలయమునకు రాకపోవచ్చును, బడికే రాకపోవచ్చును. పుస్తకము ఆమెకు ఉపకారము చేయకమునుపే పద్దు అపకారము చేసినట్లగును. ఆమెను చూచి, ఆమెవంటి మరి నలుగురు బాలికలు ఆ పుస్తకమును అడుగుటకే జంకుదురు. ఆ జంకు ఏ లెక్కలోనికిని ఎక్కదు. తీసికొనని పుస్తకమునకు పద్దుండదు కదా!

మరియొక చిక్కు కలదు. చదువుట వేరు, నమ్ముట వేరు. నాస్తికత్వమును గూర్చిన పుస్తకమును తీసికొనిన విద్యార్థి వక్తృత్వపు పోటీకి సిద్ధపడుచుండవచ్చును. విషములను గూర్చి చదువువాడు పంటకు మందు కొట్టు రైతు కావచ్చును. పరమతమును గూర్చి చదువువాడు ఆ మతమున చేరబోవుచున్నాడని అర్థము కాదు. పద్దు పుస్తకము పేరును మాత్రమే చెప్పును. చదువరి ఉద్దేశమును చెప్పదు. చెప్పని దానిని చూచువారు తమకు తోచినట్లు పూరించుకొందురు. అపనిందలు పుట్టుట ఇట్లే.

2. మన చరిత్రయందలి సాక్ష్యము

తెలుగువారి గ్రంథాలయములు కేవలము కాలక్షేపమునకు వెలసినవి కావు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. ఆ ఉద్యమమునకు అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమును ధారపోసిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి చేర్చిరి. ఈ సంస్థలు ప్రజలకు అక్షరజ్ఞానముతోపాటు స్వాతంత్ర్యేచ్ఛను కూడ కలిగించినవి. అందుచేతనే అవి ఇటు బ్రిటిషు పాలకుల అనుమానమునకు, అటు నిజాము పాలకుల అనుమానమునకు పాత్రములైనవి.

ఆ కాలపు పుస్తకమొకదాని చరిత్ర మన విషయమునకు చక్కని దృష్టాంతము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెరసాలలో ‘మాలపల్లి’ నవలను రచించిరి. రాయవేలూరనగా నేటి తమిళనాటి వేలూరే. ఆ నవల 1922లో అచ్చయినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. పిమ్మట కొన్ని భాగములను తీసివేయించి అనుమతించెను. 1936లో మరల నిషేధించెను. 1937లో రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము ఆ నిషేధమును తొలగించెను. అటుపిమ్మట అది తెలుగు నవలలలో అగ్రశ్రేణికి చెందినదిగా విశ్వవిద్యాలయములలో పాఠ్యగ్రంథమైనది.

విద్యార్థులారా, ఇందు ఒక సంగతిని గమనింపుడు. ఒకే పుస్తకము ఒక ఏడు అనుమతమైనది, మరియొక ఏడు నిషిద్ధమైనది, తరువాత గౌరవపాత్రమైనది. ప్రభుత్వముల అభిప్రాయములు మారుచుండును. లెడ్జరులోని సిరా మాత్రము మారదు. నిషేధమునకు మునుపు చట్టబద్ధముగా ఆ నవలను అరువు తీసికొనిన పాఠకుని పేరు లెడ్జరులో నిలిచియున్నదనుకొనుడు. నిషేధము వచ్చిన పిమ్మట ఆ లెడ్జరు అధికారుల చేతికి చిక్కినచో, నాడు తప్పు కాని పనికి అతడు నేడు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. పద్దు వ్రాసిన గ్రంథపాలకుడు ఎంత మంచివాడైనను, ఆ లెడ్జరు రేపు ఎవరి చేతిలో నుండునో అతనికి తెలియదు. కావున పద్దును నమ్మకస్థునకు అప్పగించుట మాత్రము చాలదు. పని తీరిన పద్దు లేకుండ చేయుటయే నిక్కమైన రక్షణము.

3. ప్రజల సొమ్ము, ప్రజల హక్కు

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమున, 1948లో, మద్రాసు రాష్ట్రము పౌర గ్రంథాలయముల చట్టమును చేసినది. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది. 1950 ఏప్రిలు 1వ తేదినుండి ఇది అమలునకు వచ్చెను. దీని వెనుకనున్న ప్రేరకుడు షియాళిలో జన్మించిన గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్. ఆర్. రంగనాథన్. ఈ చట్టమువలన ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయబడుచున్నది; జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. నాడు ధర్మపురి సేలము జిల్లాలోని భాగము. 1965లో ధర్మపురి ప్రత్యేక జిల్లా యయ్యెను. 2004లో కృష్ణగిరి దీనినుండి విడిపోయెను.

ఇంటిపన్ను కట్టు ప్రతివాడును గ్రంథాలయమునకు కొంత సొమ్ము చెల్లించుచున్నాడు. కావున పౌర గ్రంథాలయమున పుస్తకము తీసికొనుట దాత దయవలన లభించు భిక్ష కాదు, అది హక్కు. హక్కును ఉపయోగించుకొనువాడు కారణము చెప్పనక్కరలేదు. ఓటు వేయువాడు ఎవరికి వేసితినని చెప్పనక్కరలేనట్లే, పుస్తకము తీసికొనువాడు ఎందులకు తీసికొనుచుంటినని చెప్పనక్కరలేదు. ప్రభుత్వమునకు చెందిన గ్రంథాలయమున ఈ నియమము మరింత ముఖ్యము. అందలి పద్దులు ఒకవిధముగా ప్రభుత్వపు చేతిలోనే యున్నవి కదా!

4. పద్దు వ్రాయు విధానములు

ఇక అసలు విషయమునకు వత్తము. పద్దు వ్రాయు పద్ధతులు అనేకములు. వాటిలో కొన్ని పాఠకుని చరిత్రను పోగుచేయును, కొన్ని చేయవు. ఈ భేదమును చక్కగా గ్రహింపవలెను.

మొదటిది లెడ్జరు పద్ధతి. పెద్ద పుస్తకమున వరుసగా తేది, పాఠకుని పేరు, పుస్తకము పేరు, సంతకము. అనేక పాఠశాలలలో వాడుకలో నున్నది ఇదియే. ఇది సులభము, ఖర్చు లేదు. కాని సంతకము చేయుటకు వంగిన ప్రతివాడును పై పది పంక్తులను చదువగలడు. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు అడ్డుగీత గీయుదురు. గీత క్రింద పేరు కనబడుచునే యుండును. లెడ్జరు నిండినను బీరువాలో ఏండ్లతరబడి పడియుండును.

రెండవది అమెరికాలోని నూఆర్కు గ్రంథాలయము పేర ప్రసిద్ధమైన కార్డు పద్ధతి. ప్రతి పుస్తకములో ఒక కార్డుండును. తీసికొనినవారి సభ్యత్వ సంఖ్యయో పేరో దానిపై వ్రాయుదురు. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు ఆ కార్డును మరల పుస్తకములోనే ఉంచుదురు. కావున తరువాత తీసికొనువాడు కార్డును చూచినచో, తనకు ముందు తీసికొనినవారి వరుస కనబడును. చిన్న ఊరిలో సభ్యత్వ సంఖ్య చాలును, పేరు అక్కరలేదు.

మూడవది బ్రౌన్ పద్ధతి. నీనా బ్రౌన్ అను అమెరికా గ్రంథాలయోద్యోగిని దీనిని కల్పించెను. ఇంగ్లండులోను, మన దేశమునందలి పౌర గ్రంథాలయములలోను ఇది విరివిగా వాడబడినది. దీని నడక చూడుడు. పాఠకుడు ఎన్ని పుస్తకములు తీసికొనవచ్చునో అన్ని టికెట్లు అతనికి ఈయబడును. ప్రతి టికెట్టు చిన్న సంచివలె నుండును; దానిపై అతని పేరు, చిరునామా ఉండును. ప్రతి పుస్తకమునకు ఒక చిన్న కార్డుండును. దానిపై పుస్తకము సంఖ్య, పేరు ఉండును. పుస్తకము ఇచ్చునప్పుడు గ్రంథపాలకుడు పుస్తకపు కార్డును పాఠకుని టికెట్టులో దూర్చి, గడువు తేది ప్రకారము పెట్టెలో నిలుపును. పుస్తకములో అంటించిన కాగితముపై గడువు తేదిని ముద్ర వేయును. ఒక్క అక్షరమైనను వ్రాయబడదు. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు ఆ జంటను వెదకి తీసి, కార్డును పుస్తకములోను, టికెట్టును పాఠకుని చేతిలోను పెట్టును. అంతటితో సరి! ఈ పుస్తకమును ఈ మనుష్యుడు తీసికొనెనని చెప్పు సాక్ష్యము లోకమున మరెక్కడను మిగులదు. పుస్తకములోని కాగితముపై తేదులు మాత్రముండును, పేర్లుండవు.

ఈ పద్ధతి వ్యాపించుటకు కారణము కాలము కలిసివచ్చుటయే. వ్రాతపని లేకపోవుటచే వరుసలో నిలుచువారు త్వరగా పోగలుగుదురు. గోప్యతను కాపాడుట దాని కల్పనకు హేతువో కాదో కాని, ఫలితముగా అది లభించినది. పుస్తకము బయటనున్నంతవరకు జ్ఞాపకముంచుకొనుట, తిరిగి వచ్చినంతనే మరచిపోవుట – మంచి పద్దునకు ఉండవలసిన లక్షణము ఇదియే. రెండణాల అట్టముక్కలు ఈ పనిని నిక్కచ్చిగా చేసినవి.

నాలుగవది కంప్యూటరు పద్ధతి. నేడు పెక్కు గ్రంథాలయములు దీనికి మారినవి. పుస్తకముపైనున్న గీతల చీటీని యంత్రమునకు చూపినంతనే పద్దు ఏర్పడును. వేగమున దీనికి సాటి లేదు. కాని కంప్యూటరు తనంతట తాను మరచిపోదు. మరచిపొమ్మని చెప్పకున్నచో, పాఠకుడు చిన్ననాటినుండి తీసికొనిన ప్రతి పుస్తకమును వరుసగా పేర్చి క్షణమున చూపగలదు. పూర్వము వంద లెడ్జరులను తిరుగవేసినగాని తెలియని సంగతి నేడు ఒక్క మీట నొక్కినంతనే తెలియును. ఇది యంత్రపు దోషము కాదు. దానిని అమర్చినవారి బాధ్యత. న్యూజీలండులో పుట్టి మన దేశమునను వాడబడుచున్న ‘కోహా’ అను గ్రంథాలయ సాఫ్టువేరులో, తిరిగి ఇచ్చిన పుస్తకములనుండి పాఠకుని పేరును తొలగించు ఏర్పాటు కలదు. ఆ ఏర్పాటును ఉపయోగించుకొనినచో కంప్యూటరుకూడ బ్రౌన్ టికెట్టువలెనే నడచుకొనును. ఏర్పాటున్నను దానిని ఎవరును తెరువకున్నచో ప్రయోజనము లేదు.

5. ఇతర దేశముల అనుభవము

ఈ ప్రశ్న అమెరికా దేశమున బహిరంగముగా తలయెత్తినది. 1970లో ఆ దేశపు పన్నుల శాఖ ఉద్యోగులు మిల్వాకీ మొదలగు నగరముల గ్రంథాలయములకు పోయి, ప్రేలుడు పదార్థములను గూర్చిన పుస్తకములను తీసికొనినవారి పేర్లను అడిగిరి. ఆ పుస్తకములను చదివినవారిలో రసాయనశాస్త్ర విద్యార్థులుండవచ్చును, గనుల పనివారుండవచ్చును. వారిలో ఒక్కరిపై నైనను నేరారోపణ లేదు. పుస్తకము చదివినందుననే అనుమానితుల పట్టికలో చేరుట న్యాయమా అని ఆ దేశపు గ్రంథపాలకులు ప్రశ్నించిరి. 1971 జనవరిలో అమెరికా గ్రంథాలయ సంఘము, పాఠకుల పద్దులు గోప్యములని, చట్టబద్ధమైన ఉత్తరువు లేనిదే ఈయరాదని తీర్మానించెను. తరువాత ఆ దేశమునందలి దాదాపు అన్ని రాష్ట్రములును ఇట్టి రక్షణ చట్టములను చేసినవి.

అయినను పరీక్ష అంతటితో ముగియలేదు. సోవియట్ కూటమి దేశములవారు ఏయే శాస్త్రగ్రంథములను చూచుచున్నారో తెలుపుమని సమాఖ్య పోలీసులు గ్రంథపాలకులను అడుగుచుండిరని 1987లో బయటపడెను. 2005లో కనెక్టికట్ రాష్ట్రమున నలుగురు గ్రంథాలయోద్యోగులకు, గ్రంథాలయపు కంప్యూటరును వాడినవారిని గూర్చిన సమాచారమును కోరుచు రహస్యపు ఉత్తరువు వచ్చెను. దానిని గూర్చి ఎవరితోను మాటాడరాదని అందు ఆంక్ష కలదు. వారు లోబడక న్యాయస్థానమునకు పోయిరి. 2006లో ప్రభుత్వమే ఆ ఉత్తరువును విడనాడెను.  తమ పాఠకులు తమయందుంచిన నమ్మకమును నిలుపుకొనుటకే వారు అంత తెగింపు చూపిరి.

6. మన దేశపు న్యాయము

మన రాజ్యాంగమున గోప్యత అను మాటతో ప్రత్యేక అధికరణము లేదు. ఆధారు పథకమును గూర్చి విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున ఈ ప్రశ్న సుప్రీం కోర్టు ఎదుటికి వచ్చెను. 2017 ఆగస్టు 24వ తేదిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత ప్రాథమిక హక్కేయని, 21వ అధికరణమునందలి జీవన స్వాతంత్ర్యములలో అది ఇమిడియున్నదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ హక్కునకు హద్దులు లేకపోలేదు. అయితే దానిని తగ్గింపగోరు ప్రభుత్వమునకు చట్టపు ఆధారముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు మించిన జోక్యము ఉండరాదు.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలంచెలుగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. ఏ పనికై సమాచారమును తీసికొనిరో ఆ పనికే వాడవలెననియు, ఆ పని తీరినప్పుడు తుడిచివేయవలెననియు ఈ చట్టపు ముఖ్యాశయము. 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు ఇందు ప్రత్యేక రక్షణము కలదు. ప్రభుత్వ సంస్థలకును, విద్యాసంస్థలకును కొన్ని మినహాయింపులును కలవు. ఒక సంగతిని మరువరాదు: ఈ చట్టము కంప్యూటరులోని సమాచారమునకును, కాగితమునుండి కంప్యూటరునకు ఎక్కించినదానికిని వర్తించును, చేతివ్రాత లెడ్జరు లెడ్జరుగానే యున్నంతవరకు దానికి వర్తించదు. కావున మన బడి బీరువాలోని లెడ్జరును కాపాడవలసినది చట్టము కాదు, మన మర్యాదయే.

7. తెలుగు పాఠకుని ప్రత్యేక స్థితి

ఇక మన ప్రాంతమునకు వత్తము. తెలుగువారు ఎక్కువగా నివసించు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు 2004లో వేరు జిల్లాలో చేరినవి. తమిళనాట ఏ ఊరి పౌర గ్రంథాలయమున చూచినను తమిళ గ్రంథములు వేలుగా నుండుట సహజము, న్యాయము. తెలుగు పుస్తకములు ఉన్నచోట ఒక్క అలమరులో ఇమిడియుండును. దీనివలన మనకు రెండు సంగతులు ఏర్పడును.

మొదటిది: గుంపు చిన్నదైనచో పేరు దాచినను మనిషి దాగడు. వేయిమంది తీసికొను తమిళ నవలలలో ఒకదానిని తీసికొనినవారెవరో ఊహించుట కష్టము. ఊరిలో తెలుగు పుస్తకములు తీసికొనువారు అయిదుగురే యైనచో, “తెలుగులో వచ్చిన ఫలానా వైద్యగ్రంథము ఈ నెల ఒకసారి పోయినది” అన్నంతమాత్రముననే అది ఎవరింటికి పోయినదో పదిమందికి తెలియును. కావున అల్పసంఖ్యాకుల పద్దుల విషయమున మరింత జాగ్రత్త వలయును.

రెండవది దీనికి ఎదురుగా కనబడును. తెలుగు పుస్తకములు తెప్పింపుడని మనము కోరునప్పుడు, “చదువువారెవరు?” అని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. చదువువారున్నారని చూపుటకు లెక్కలు కావలెను. పద్దులనన్నిటిని చెరిపివేసినచో మన కోరికకు ఆధారమేమి? అలమరు ఖాళీ యగును కదా!

ఈ చిక్కునకు విడుపు సులభమే. పుస్తకములను లెక్కింపవలెను, మనుష్యులను లెక్కకట్టి పేర్లు వ్రాయనక్కరలేదు. మంచి గ్రంథాలయములలో ప్రతిదినము సాయంకాలము, ఆనాడు ఏ భాషలో ఎన్ని పుస్తకములు పోయినవో మొత్తము వేసి దినసరి పట్టికలో వ్రాయుదురు. నెలకొకసారి, ఏటికొకసారి వాటిని కూడుదురు. “ఈ యేడు తెలుగు పుస్తకములు ఇన్నిమారులు తీసికొనబడినవి” అను ఒక్క అంకె చాలును. అందు ఎవరి పేరును లేదు. ఎవరి కష్టమును బయటపడదు. మన కోరికకు మాత్రము బలము చేకూరును. ఇట్లు గోప్యతయు, భాషాహక్కును ఒకదానికొకటి శత్రువులు కావు. కావున తల్లిదండ్రులకు నా విన్నపము: మీ బిడ్డలను పౌర గ్రంథాలయమున సభ్యులుగా చేర్పింపుడు, తెలుగు పుస్తకములను తరచుగా తీసికొనుడు. ఆ అంకె పెరుగుటయే మన దరఖాస్తు.

8. కొన్ని ఆక్షేపణలు, సమాధానములు

పద్దులు లేకున్న పుస్తకములు పోవును గదా యని కొందరందురు. పద్దు వలదని ఎవరును అనలేదు. పుస్తకము బయటనున్నంతకాలము పద్దుండవలసినదే. పోయినచో వెల వసూలు చేయువరకు ఉండవలసినదే. తిరిగి వచ్చిన పిమ్మట ఏల అనునదే ప్రశ్న.

తనిఖీ అధికారులకు లెక్కలు చూపవలెను గదా యందురు. తనిఖీకి కావలసినది పుస్తకముల జాబితా. కొన్నవెన్ని, ఉన్నవెన్ని, పోయినవెన్ని అనునది. అది వేరు రిజిస్టరు. ఎవరు ఏమి చదివిరి అనునది అందు భాగము కాదు. ఉంచవలెనని నిబంధన యున్న కాగితమును గడువువరకు తాళము వేసి యుంచవలెను. గడువు తీరినంతనే చింపివేయవలెను.

నేరములను కనిపెట్టుటకు పోలీసులకు సహాయపడవలదా యందురు. పడవలెను. న్యాయాధికారము గలవారు చట్టప్రకారము వ్రాతమూలకముగా కోరినచో గ్రంథపాలకుడు అడ్డుపడరాదు. కోరిన పిమ్మట ఉన్న పద్దును మాయము చేయుట నేరము. కాని “ఊరికే చూచిపోదము” అని వచ్చినవారికి లెడ్జరును తెరచి చూపనక్కరలేదు. లేని పద్దును ఎవరును చూపలేరు. కావున క్రమము తప్పక చెరిపివేయు అలవాటు ముందునుండియే ఉండవలెను.

తల్లిదండ్రులకు తమ బిడ్డలు చదువు పుస్తకములను తెలిసికొను హక్కు లేదా అను ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. పసిపిల్లలకు పుస్తకమును ఏరి ఇచ్చువారు తల్లిదండ్రులే. అక్కడ దాపరికమునకు తావు లేదు. బిడ్డ ఎదిగినకొలది ఈ సంబంధము మారవలెను. పదునైదేండ్ల కుమారుని గూర్చి తెలిసికొనవలెనన్నచో లెడ్జరును అడుగుటకంటె కుమారుని అడుగుట మేలు. ఇంట “ఏమి చదువుచున్నావు నాయనా?” అని ఆప్యాయముగా అడిగిన తల్లికి దొరకు సమాధానము, గ్రంథాలయపు బల్లవద్ద చాటుగా అడిగిన తండ్రికి దొరకదు. చాటున తెలిసికొనినది గద్దించుటకు పనికివచ్చునేమో కాని, దారి చూపుటకు పనికిరాదు.

ఉపాధ్యాయులకును ఇదే మాట. శిష్యుని చదువును ప్రోత్సహించుటకు లెడ్జరును తిరుగవేయ నక్కరలేదు. ప్రతి విద్యార్థియు తాను చదివిన పుస్తకముల పట్టికను తన నోటుపుస్తకమున తానే వ్రాసికొనవచ్చును. అందు ఏవి వ్రాయవలెనో, ఎవరికి చూపవలెనో అతని ఇష్టము. ఎక్కువ పుస్తకములు చదివినవారికి బహుమతి ఈయదలచినచో ఆ పట్టికలను స్వచ్ఛందముగా తెమ్మనవచ్చును. పద్దు ఒకటే, కాని అది పాఠకుని చేతిలో నున్నప్పుడు జ్ఞాపకము. పరుల చేతిలో నున్నప్పుడు నిఘా.

9. మన పాఠశాలలలో చేయదగినవి

పెద్ద ఖర్చు లేకయే చేయదగిన పనులు కొన్ని కలవు. లెడ్జరును బల్లపై తెరచియుంచరాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుటగాని, ఒక్కొక్క చీటీగాని ఉండవలెను. పుస్తకము తిరిగి వచ్చినంతనే ఆ చీటీని విద్యార్థి చేతికే ఇచ్చివేయవలెను. ఓపికగల తరగతి వారు అట్టముక్కలతో బ్రౌన్ టికెట్లను తామే చేసికొనవచ్చును. చేతిపనుల తరగతికి ఇది మంచి పాఠము. గడువు మీరినవారి పేర్లను నోటీసు బల్లపై వ్రాయునప్పుడు పుస్తకము పేరును వ్రాయరాదు. పుస్తకము సంఖ్య చాలును. పుస్తకములు ఇచ్చు పనిలో సాయపడు విద్యార్థి తాను చూచినదానిని స్నేహితులతో చెప్పరాదు. బాకీయున్న పుస్తకమును అడుగునప్పుడు తరగతిలో పేరు పెట్టి బిగ్గరగా చదువరాదు.

చేతిఫోనులో చదువువారికి మరియొక మాట. ఫోనులోని పుస్తకము ఏ పుటవద్ద ఆగితిరో గుర్తుంచుకొనునన్నచో, ఆ సంగతి ఎక్కడనో వ్రాయబడుచున్నదని అర్థము. కాగితపు పుస్తకము మిమ్ములను చదువదు. ఫోనులోని పుస్తకము మీరు దానిని చదువుచుండగా మిమ్ములను చదువగలదు. దానిని తెరచుటకు ముందు ఏ సమాచారమును అడుగుచున్నదో పెద్దలతో కలిసి చూడుడు.

గోడలకు చెవులుండునని మన పెద్దలు చెప్పుదురు. గ్రంథాలయపు గోడలకు పుస్తకములుండవలెను గాని చెవులుండరాదు. అన్ని భాషల పుస్తకములు, అన్ని అభిప్రాయముల పుస్తకములు దొరకుట స్వాతంత్ర్యమున సగము. వానిని నిర్భయముగా తీసికొనగలుగుట తక్కిన సగము. తీసికొనిన పుస్తకమును గడువులోపల చినుగకుండ తిరిగి ఇచ్చుట పాఠకుని ధర్మము. తీసికొనెనను సంగతిని గుట్టుగా నుంచి, పని తీరినంతనే మరచుట గ్రంథాలయపు ధర్మము. ఈ రెండు ధర్మములును నిలిచినచోట చిన్న అలమరు కూడ పెద్ద విశ్వవిద్యాలయమే.

ప్రశ్నలు

1. అరువు పద్దు యొక్క ప్రయోజనమేమి? అది ఎప్పుడు తీరును?
2. లెడ్జరు పద్ధతికిని బ్రౌన్ పద్ధతికిని గల భేదమును వివరింపుము.
3. ‘మాలపల్లి’ నవల చరిత్రనుండి పాఠకుని గోప్యతను గూర్చి ఏమి నేర్చుకొనవచ్చును?
4. “పుస్తకములను లెక్కింపవలెను, మనుష్యులను కాదు” – అల్పసంఖ్యాక భాషలవారికి ఈ మాట ఏల ముఖ్యమైనది?
5. మీ తరగతి గ్రంథాలయమునకు ఆరు నియమములను మీ సొంతమాటలలో వ్రాసి, మీ తల్లిదండ్రులతో చర్చింపుడు.